జాష్ గిబ్సన్: లెక్కకెక్కని ఆట



వేదాద్రి, జగ్గయ్యపేట వైపు క్రికెట్ ఆడే పిల్లలకు అమెరికా నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాష్ గిబ్సన్ పేరు కొత్త. ఆ పేరు ఇక్కడా వినబడాలనే ఈ స్మారకోపన్యాసానికి ఆయన్ని ఎంచుకున్నాను.

1911లో జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరి కుటుంబాన్ని పిట్స్‌బర్గ్ తీసుకెళ్లాడు. 1930లో నల్లవారి జట్టు హోమ్‌స్టెడ్ గ్రేస్‌లో చేరేనాటికి జాష్‌కు పద్దెనిమిదేళ్లు. ఆ ఏడే భార్య హెలెన్ కవలలను కని చనిపోయింది. బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్ ఆయన. బ్యాటు పట్టాడంటే బంతి ప్రేక్షకుల మీదుగా పోయి హోమ్‌రన్ కావాల్సిందే.

నల్లవాళ్లను పెద్ద లీగుల్లో ఆడనివ్వకూడదని నిబంధన ఎక్కడా రాసి లేదు. యజమానులు లోలోపల అనుకున్న మాట అది. రాతలో లేని కట్టుబాటు ఎంత గట్టిదో మనకెవరూ చెప్పక్కర్లేదు. మన క్రికెట్‌లోనే దళిత స్పిన్నర్ పల్వంకర్ బాలూకు పూనాలో టీ విడిగా, బయటే ఇచ్చేవారు. జాష్ పుట్టిన 1911లోనే ఇంగ్లండ్‌లో వందకు పైగా వికెట్లు తీసినా, హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు.

వాషింగ్టన్‌లో గ్రేస్ జట్టు అద్దెకు ఆడిన మైదానం పెద్ద లీగు జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్‌ది. ఆయన జాష్‌నీ, తోటి ఆటగాడు బక్ లెనర్డ్‌నీ పిలిపించి, పెద్ద లీగులో ఆడతారా అని అడిగాడట. ఆడతామన్నారు. మళ్లీ కబురు లేదు. మైదానం అద్దె మాత్రం ముడుతూనే ఉంది. లెనర్డ్ చెప్పిన ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

లీగు మ్యాచ్‌లకన్నా ఊరూరా తిరిగి ఆడినవే ఎక్కువ. వాటిలో చాలావాటికి స్కోరు షీట్లు దొరకవు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోని ఆయన ఫలకం మీద దాదాపు 800 హోమ్‌రన్లని ఉంది. దొరికిన లీగు స్కోర్లను బట్టి తేలినవి 200 లోపే.

1947 జనవరి 20న, 35 ఏళ్లకే పోయాడు. ఏప్రిల్ 15న నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో బ్రూక్లిన్ జట్టు తరఫున బరిలో దిగాడు. మూడు నెలలైనా నిండలేదు. జాష్ సమాధికి 1975 దాకా పేరు చెక్కిన రాయి లేదు. అదే మన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపానికి తూర్పు ద్వారాన ఆయక స్తంభాలు నిలిపిన సిద్ధార్థుడనే పనివాడు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన ఇరవయ్యో ఏట, తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ పేరు నేటికీ చదువుతున్నాం. జాష్ ఆట లెక్కల కోసం మాత్రం నల్లవారి పాత వారపత్రికలు తిరగేయాల్సి వచ్చింది.

తిరగేసిన వాళ్లున్నారు కాబట్టే 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920–48 నాటి ఏడు నల్లవారి లీగులను తన సాటిగా ఒప్పుకుంది, 2024 మేలో వాటి లెక్కలను తన రికార్డుల్లో కలిపింది. అప్పుడు జాష్ కెరీర్ బ్యాటింగ్ సగటు 0.372గా తేలింది. అంతవరకూ అగ్రస్థానంలో ఉన్న టై కాబ్‌ది 0.367. అప్పటికి ఆ లీగుల రికార్డుల్లో చేతికొచ్చింది దాదాపు ముప్పాతిక వంతే. మిగతా పాతిక వంతు కోసం వెతుకులాట ఆగలేదు. కొత్త షీటు దొరికితే జాష్ అంకె మళ్లీ మారుతుంది.