రెండు పంక్తులు చదివిన పిల్లవాడు



మన వాచకం పూర్తయింది. పేరు రాయడం వచ్చింది. బస్సు బోర్డు చదవడం వచ్చింది. "ఇంక చాల్లే మాస్టారూ, ఈ వయసులో ఇంకేం చదువుతాం?" అంటున్నారు కొందరు. అందుకే ఈ రాత్రి రాహుల్ సాంకృత్యాయన్ గారి సంగతి చెబుతాను.

ఆయన 1893లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో, అమ్మమ్మ గారి ఊరు పందహాలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు కేదారనాథ్ పాండే. చిన్నప్పుడు ఉర్దూ వాచకంలో రెండు పంక్తుల పద్యం చదివారు. బతుకు మళ్లీ రాదు, వయసులో ఉండగానే లోకం చూడు అని దాని భావం. మనమైతే చదివి పేజీ తిప్పేస్తాం. ఆ పిల్లవాడి మనసులో అది నాటుకుపోయింది. పెద్దవాడు కాకముందే ఇల్లు విడిచాడు.

బడి చదువు మిడిల్ స్కూలుతో సరి. ఆ తరువాత లోకమే బడి. ఎక్కడికి వెళితే అక్కడి భాష నేర్చారు.

వెనుకటికి మన దేశంలో నలందా, విక్రమశిల అనే పెద్ద విద్యాలయాలు ఉండేవి. అవి పాడుబడ్డాయి. పుస్తకాలూ పోయాయి. కానీ కొన్ని తాళపత్రాలు టిబెట్టు మఠాల్లో మిగిలాయి. వాటి కోసం 1929లో రాహుల్ గారు నేపాల్ మీదుగా మారువేషంలో టిబెట్టు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 36. 1938 లోపల మొత్తం నాలుగుసార్లు వెళ్లారు. చలిలో, కొండదారుల్లో, కంచరగాడిదల మీద గ్రంథాలు తెచ్చారు. ఇవ్వనివాటికి నకళ్లు రాసుకున్నారు, ఫోటోలు తీశారు. అవన్నీ పాట్నాకు చేర్చారు.

ఏరు దాటాలంటే తెప్ప కావాలి. దాటాక దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతామా? బుద్ధుడు చెప్పిన ఈ పోలిక రాహుల్ గారికి చాలా ఇష్టం. ఆయన మొదట సాధువు. తర్వాత ఆర్యసమాజం. 1930లో శ్రీలంకలో బౌద్ధ భిక్షువై రాహుల్ అయ్యారు. ఆపైన కమ్యూనిస్టు. పాతది కదా అని దేన్నీ నమ్మలేదు. సరికాదని తోస్తే వదిలేయడానికి సిగ్గుపడలేదు.

1939లో బీహారులోని అమ్‌వారీలో రైతుల పక్షాన చెరకు తోటలో నిలబడ్డారు. తల పగిలింది. జైలూ వచ్చింది. తరువాత మరోసారి జైల్లో ఉండగా, 1942లో 'ఓల్గా నుంచి గంగకు' రాశారు. అందులో ఇరవై కథలు. మొదటి కథలో ఇంటికి పెద్ద ఎవరో తెలుసా అక్కా? తల్లే! ఆ పుస్తకం తెలుగులోనూ ఉంది.

చివరి రోజుల్లో జబ్బుచేసి ఆయన జ్ఞాపకశక్తి పోయింది. 1963లో డార్జిలింగ్‌లో కన్నుమూశారు. నూటికి పైగా పుస్తకాలు మిగిలాయి. తలలో ఉన్నది పోవచ్చు. రాసి పెట్టింది మిగులుతుంది.

మన దగ్గర మాత్రం తెలివి లేదా? ఏ విత్తనం ఏ కార్తెలో చల్లాలో మీకు తెలుసు. ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలుసు. రాయకపోతే అది మీతోనే పోతుంది. రేపు ప్రతి ఒక్కరూ మీకు తెలిసిన ఒక సంగతి రాసి తీసుకురండి. రెండు పంక్తులు చాలు.