ఉచిత వైద్యానికి డబ్బు యాడ నుంచి వస్తుంది?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కైరుప్పల సంఘం లీడరు ప్రసంగం)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. రక్తం తక్కువైతే ఏం తినాలో చెప్పడానికి ఆశా అక్కలున్నారు, వాళ్లు నాకన్నా బాగా చెప్తారు. నేను డబ్బు సంగతి చెప్తాను. మన ఊళ్లకు ఉచితంగా వచ్చే వైద్యానికి డబ్బు ఎవరిస్తారు, అది ఎందుకు ఆగిపోతుంది అనేది.

మా ఊరికి రెండేండ్లు ఒక సంస్థ బండి వచ్చేది. నెలకు రెండుసార్లు బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చేవాళ్లు. ఉన్నట్టుండి రావడం మానేసింది. మాకు ఒక మాట కూడా చెప్పలేదు. ముసలోళ్లు పాత మాత్రల అట్టలు చేతిలో పట్టుకొని గుడి కట్ట మీద కూర్చొని ఎదురుచూసినారు. డాక్టరు మారినాడని కొందరు, బండి చెడిపోయిందని కొందరు అనుకున్నారు. విచారిస్తే తెలిసింది ఏమంటే, ఆ బండికి డబ్బిచ్చే ట్రస్టు రెండేండ్లకే ఒప్పుకుందంట. గడువు తీరింది, బండి ఆగింది. షుగరుకు గడువు లేదు కదా!

మనకు వైద్యం చేసే సంస్థ వేరు, దానికి డబ్బిచ్చేవాళ్లు వేరు. ఇది ముందు తెలుసుకోవాల. టాటా వాళ్ల ట్రస్టులు ఉన్నాయి. సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దోరాబ్జీ టాటా ట్రస్టు 1932లో పెట్టినారు. వాటికి కంపెనీలో వాటాలున్నాయి. వాటి మీద వచ్చే ఆదాయంలో నుంచి పంచుతారు. ఇంకో దారి, 2013 కంపెనీల చట్టం. పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాల. అందుకే ఇప్పుడు కంపెనీల పేర్లతో ఇన్ని ఫౌండేషన్లు కనపడుతున్నాయి.

గ్రాంటు అంటే అప్పు కాదు, తిరిగి కట్టక్కరలేదు. కానీ ఊరికే రాదు. మనం సీఐఎఫ్ అడిగేటప్పుడు మైక్రో క్రెడిట్ ప్లాన్ రాస్తాం కదా, సంస్థలూ అట్లే రాస్తాయి. ఎన్ని ఊళ్లు, ఎంతమంది, ఏం జబ్బు, ఎంత ఖర్చు, ఏడాదికి ఏం మారుతుంది అని. ఒప్పుకుంటే డబ్బు కంతుల్లో వస్తుంది. మొదటి కంతు లెక్క చూపితేనే రెండోది. ఎనుముకని తీసుకున్నది పెండ్లికి పెడితే మన సంఘం ఊరుకుంటుందా? ట్రస్టు కూడా ఊరుకోదు. చూపు పరీక్షలకిచ్చింది కాన్పులకు వాడకూడదు, ఆ నెల కాన్పులే ఎక్కువున్నా సరే. మందులకు, మిషన్లకు సంతోషంగా ఇచ్చేవాళ్లు డీజిలుకు, లెక్కలు రాసే పిల్ల జీతానికి వెనకాడతారు. డీజిలు లేకుండా బండి ఎట్ల వస్తుందో వాళ్లే చెప్పాల.

విదేశీ డబ్బుకు ఇంకా గట్టి కట్టుబాట్లు. 2020లో చట్టం మార్చినాక, ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాల. ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. ఒక సంస్థ తనకొచ్చినది ఇంకో సంస్థకు పంచకూడదు. పెద్ద సంస్థ నుంచి తీసుకొని ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకు ఇది దెబ్బ. మన పక్క జిల్లాలో ఆర్డీటీ గురించి మీకందరికీ తెలుసు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురంలో మొదలుపెట్టినారు. స్పెయిన్‌లో మామూలు కుటుంబాల వాళ్లు నెలనెలా పంపే డబ్బుతో బత్తలపల్లి ఆసుపత్రి లాంటివి నిలబడినాయి. 2025లో విదేశీ నిధుల అనుమతి దగ్గర చిక్కు వస్తే అక్కడి జనం రోడ్డెక్కినారు. ఎక్కరా మరి? తమ ఆసుపత్రి అనుకున్నారు.

ఇంకో రకం చూడండి. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. సినిమాల ఎల్వీ ప్రసాద్ గారు స్థలం, డబ్బు ఇచ్చినారు. తర్వాత దేశంలోవి, బయటివి ఎన్నో సంస్థలు సాయం చేసినాయి. కానీ వాళ్లు దాతల మీదనే ఆనుకోలేదు. ఇచ్చుకోగలిగిన వాళ్ల దగ్గర ఫీజు తీసుకొని, లేనివాళ్లకు ఉచితంగా చేస్తారు. పల్లెల్లో కంటి కేంద్రాలకు ఆ చుట్టుపక్కల పిల్లలకే ఏడాది నేర్పించి పెడతారు. గ్రాంటుతో కట్టిన గది, నేర్పిన పని గ్రాంటు పోయినా ఉంటాయి. నాకు నచ్చింది ఇదే.

ఇక మన సంగతి. సంస్థల లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. జనవరి వస్తే, ఒప్పుకున్న సంఖ్య చేరలేదని క్యాంపుల మీద క్యాంపులు పెడతారు. ఆ నెలల్లో మన ఊళ్లల్లో ఎవరుంటారు? సగం ఇండ్లకు తాళాలు. గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి పోయుంటాం. ఇంటికాడున్న అవ్వనే మూడుసార్లు చూసి రాసుకుంటారు. ట్రస్టు ఆఫీసులో ఉన్నాయనకు సుగ్గి అంటే ఏం తెలుస్తుంది? మనమే చెప్పాల. ఉగాదికి జనం తిరిగొస్తారు, మా కైరుప్పలలో పిడకల సమరానికైతే వచ్చి తీరతారు. క్యాంపు ఆ తర్వాత పెట్టండి అని కాగితం రాసేటప్పుడే చెప్పాల. రాసేసినాక మార్చడం కష్టం.

ఫొటోల సంగతి కూడా ఒక మాట. దాతలకు చూపాలని మన ఫొటోలు తీస్తారు. తీయనీండి, కానీ అడిగి తీయాల. చిరిగిన చీర కట్టుకోమని ఎవరన్నా అంటే లేచి వచ్చేయండి.

ఇప్పుడు ఇంకో సంస్థ కంటి పరీక్షలకని మా గ్రామ సమాఖ్యను కలిసింది. గ్రాంటు ఎన్నేండ్లు, ఏ నెలలో అయిపోతుంది, అయిపోయినాక అద్దాలు ఎవరిస్తారు, ఆపేటట్టుంటే ఆరు నెలల ముందు చెప్తారా అని అడిగినాం. ఆ సారు కొంచెం ఇబ్బంది పడినాడు, ట్రస్టును అడిగి చెప్తానన్నాడు. అడగనీండి. మినిట్స్ బుక్కులో రాసుకొని ఆయన సంతకం పెట్టించినాం. నలభై ఏండ్లు దాటినోళ్లు ఎంతమంది, అందులో సుగ్గికి పోయేవాళ్లు ఎంతమంది, యానం నెలల్లో ఊళ్లో ఉండరు అనే లెక్క ఇమ్మన్నాడు. మా సంఘాలవి రాసినాం. మిగతా ఊళ్ల లీడర్లు వచ్చే నెల సమావేశానికి మీవి తెస్తే, అన్నీ ఒకే కాగితంలో పెట్టి పంపుదాం.