అప్పు లెక్క ముందు, కోర్సు పేరు తర్వాత
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యా విభాగంలో పనిచేసే మమ్మల్ని ఈమధ్య పిల్లలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, మాస్టర్స్‌కు విదేశం పోవాలనుకుంటున్నా. కంప్యూటర్ సైన్స్‌లో చేరాల్నా, ఫైనాన్స్‌లో చేరాల్నా?" గురుకులంలో పదో తరగతి గట్టెక్కితే చాలు అనుకున్న ఇళ్లలో నుంచి ఈ ప్రశ్న రావడం మనందరికీ సంతోషం. అయితే దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం మాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఈ ప్రశ్న వెనక ఒక పిల్లవాడి చదువే కాదు, ఆ ఇంటి మొత్తం బతుకు ఉంటుంది.

ముందుగా ఒక మాట. ఈ రెండు చదువుల్లో ఏదీ "మనది కాని చదువు" కాదు. లెక్కలు, వడ్డీలు, వ్యాపారం వేరే కులాల పని అని కొందరు పెద్దలు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా అమ్మినవాళ్లు సుగాలీలు, ఎరుకలవాళ్లు. ఆ వ్యాపారం రైళ్లు వచ్చాక దెబ్బతింది. తర్వాత నేరస్థ జాతుల చట్టం మన మీద ముద్ర వేసింది. ఆ చట్టం రద్దయ్యేదాకా మన తాతలు ఊరు దాటాలన్నా పోలీసులకు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక టెక్నాలజీ సంగతి. శ్రీహరికోట దీవి యానాదుల ఊరు. అక్కడ రాకెట్ కేంద్రం వచ్చి, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. దానికోసం మనవాళ్లు ఊళ్లు వదిలారు. కంప్యూటర్ ముందు కూర్చునే హక్కు మన పిల్లలకు లేదని ఎవరూ అనలేరు.

కాబట్టి ఏది గొప్ప అన్నది ప్రశ్న కాదు. ఏది నీకు, నీ ఇంటికి నిలబడుతుంది అన్నదే ప్రశ్న. దానికి మేము నాలుగు లెక్కలు చెబుతాం.

మొదటిది, డబ్బు లెక్క. ఉదాహరణకు 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. మొత్తం ఒకేసారి తీసుకున్నట్టు లెక్కేస్తే, రెండేళ్ల చదువు, ఆరు నెలల గడువు ముగిసేసరికి 11 లక్షల వడ్డీ చేరి అప్పు 51 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 70 వేలు కట్టాలి. ఆ కాగితం మీద నాయన కూడా సంతకం పెడతాడు. పెద్ద అప్పుకు బ్యాంకు స్థిరాస్తి పూచీ అడుగుతుంది. మన ఇళ్లలో ఉన్నది చాలావరకు డీకేటీ పట్టా భూమి. 1977 చట్టం దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టింది కాబట్టి బ్యాంకులు దాన్ని తాకట్టుకు తేలిగ్గా తీసుకోకపోవచ్చు. అప్పుడు బయట వడ్డీకి పోతారు. తీసుకున్న బయానాకు ఏళ్ల తరబడి ఒకరి దగ్గర పనిచేసిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. వెట్టిచాకిరీని 1976లో చట్టం రద్దు చేసింది. చదువు పేరుతో మళ్లీ అలాంటి ఉరి మెడకు తగిలించుకోవద్దు.

డబ్బుకు ఇంకో దారి ఉంది. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం. దేశం మొత్తానికి ఏడాదికి 20. అందులో 3 మరీ వెనుకబడిన ఆదిమ తెగలకు. యానాది, ఎరుకల, సుగాలి ఆ జాబితాలో లేవు కనుక మనం మిగతా 17 కోసం పోటీ పడాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు మించకూడదు. ఫీజుతో పాటు అమెరికాలో అయితే ఏడాదికి 15,400 డాలర్ల ఖర్చు ఇస్తారు. 17 అంటే తక్కువే. అయినా దరఖాస్తు పెట్టకుండానే అప్పుకు పోవడం మంచిది కాదు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. నోటి మాట నమ్మకుండా ఆ ఏడాది ఉత్తర్వు చదివి ముందుకు పోండి.

రెండోది, పునాది లెక్క. బీటెక్ చదివిన తమ్ముడిని, బీకాం చదివిన చెల్లెలిని ఊహించుకోండి. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో చేర్చుకునేవాళ్లు డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివావా అని చూస్తారు. పక్కింటి అబ్బాయి చేరాడని బీకాం చెల్లెలు అందులోకి దూకితే, మొదటి సెమిస్టర్‌లోనే ఊపిరాడదు. అలాగని ఫైనాన్స్ తేలికేమీ కాదు. నేటి ఫైనాన్స్‌లో మంచి కోర్సులకు సంభావ్యత, గణాంకాలు, కొంత ప్రోగ్రామింగ్ కావాలి. లెక్కలంటే ఇష్టమున్న బీటెక్ తమ్ముడికి అది బాగా కుదరవచ్చు. మరొకటి, మూడేళ్ల డిగ్రీని బ్రిటన్ విశ్వవిద్యాలయాలు మామూలుగా ఒప్పుకుంటాయి. అమెరికాలో చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు.

మూడోది, కాగితం లెక్క. అమెరికాలో చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ కింద 12 నెలలు ఇస్తారు. కోర్సు స్టెమ్ జాబితాలో ఉంటే మరో 24 నెలలు. కంప్యూటర్ సైన్స్ కోడ్ 11.0701, అది జాబితాలో ఉంది. మామూలు ఫైనాన్స్ కోడ్ 52.0801, అది లేదు. కానీ ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్, 27.0305, జాబితాలో ఉంది. ఫైనాన్షియల్ అనలిటిక్స్, 30.7104, 2022 జనవరిలో చేరింది. అంటే పేరులో ఫైనాన్స్ ఉన్న రెండు కోర్సుల మధ్య రెండేళ్ల సంపాదన తేడా ఉండొచ్చు. అప్పు తీర్చాల్సినవాడికి ఒక ఏడాదికీ మూడేళ్లకూ ఎంత తేడానో వేరే చెప్పాల్సిన పనిలేదు. ఈ కోడ్ మీ ఐ-20 పత్రం మీద అచ్చయి ఉంటుంది. ఫీజు కట్టకముందే కోడ్ ఏమిటని విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి అడగండి. కన్సల్టెన్సీ చెప్పిందని ఊరుకోవద్దు. చాలామందికి విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ వస్తుంది.

ఆ కాగితం కూడా శాశ్వతం కాదు. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. ఆ ఎంపికలో పేరు రావాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. బ్రిటన్‌లో మాస్టర్స్ తర్వాత ఇచ్చే రెండేళ్ల గడువును 2027 జనవరి నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నారు. చేరేనాడు ఉన్న రూలు పట్టా చేతికొచ్చేనాటికి ఉండకపోవచ్చు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఖర్చుల కోసం ఏడాదికి 11,904 యూరోలు ముందుగా ఖాతాలో చూపాలి. అప్పు తక్కువ కావాలనుకునేవాళ్లు ఆ దారి కూడా చూడాలి. ఉద్యోగానికి జర్మన్ భాష నేర్చుకోవాల్సి వస్తుంది, అదీ లెక్కలో వేసుకోండి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, తిరిగొచ్చే లెక్క. రేపు వీసా దొరక్క తిరుపతికి తిరిగొస్తే ఈ చదువు నీకు ఏం పెడుతుంది? ప్రోగ్రామింగ్ చికాగోలో అయినా చెన్నైలో అయినా ఒకటే, బెంగళూరు మనకు దగ్గరే. కానీ 2022 చివరి నుంచి పెద్ద కంపెనీల్లోనే ఉద్యోగాల కోతలు చూస్తున్నాం. పట్టా ఒక్కటే చాలదు, పని వచ్చుండాలి. ఫైనాన్స్‌లో పన్నులు, చట్టాలు దేశానికొకటి. అక్కడ చదివింది ఇక్కడ కొంత మళ్లీ నేర్చుకోవాలి. ఫైనాన్స్ మీద నిజంగా మనసున్నవాళ్లు సీఏ, సీఎఫ్ఏ లాంటివి ఇక్కడే ఉండి రాయొచ్చు. ఆ దారిలో విమానం టికెట్ లేదు, 51 లక్షల అప్పు లేదు.

మా మాట ఇదీ. తిరిగొచ్చినా నిలబెట్టే కోర్సునే ఎంచుకోండి. అక్కడే ఉండిపోతేనే అప్పు తీరుతుందనుకునే కోర్సు వద్దు. కంప్యూటర్ సైన్స్ అయినా, ఫైనాన్స్ అయినా ఈ పరీక్షకు నిలవాలి.

అమ్మా నాయనలకు ఒక మనవి. పిల్లలు ఇంగ్లీషు కాగితాలు తెస్తే సిగ్గుపడకుండా అడగండి. నెలకు ఎంత కట్టాలి? ఎన్నేళ్లు? ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారు? ఈ మూడింటికీ తెలుగులో జవాబు చెప్పలేని బిడ్డ ఇంకొంచెం ఆలోచించాలి.

పిల్లలకు ఒక పని. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. ఒకచోట నాయక్ ఉండి ఇంకోచోట లేకపోతే చివరి వారంలో పరుగులు తప్పవు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి. మార్కుల జాబితాలు, కోర్సు వివరాలు, అప్పు లెక్క ఒక కాగితం మీద రాసుకొని మా దగ్గరికి రండి. పక్కన కూర్చొని ఒక్కో అంకె సరిచూస్తాం. నిర్ణయం మాత్రం మీదే.

మన బిడ్డలు ఏ దేశం పోయినా, ఇంటి తలుపు మీద అప్పులవాళ్లు కొట్టకుండా పోవాలి, తలెత్తుకొని రావాలి.