బాయిలోకి దిగిన అమ్మ

(గోదావరిఖనిలో తల్లులు, ఉపాధ్యాయులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల కథల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు మొదట తటపటాయించాను. నేను బాలసాహిత్య రచయిత్రిని కాను. సోషియాలజీ చదువుకుని స్త్రీల శ్రమ గురించి పరిశోధన చేస్తున్నదాన్ని. కాని మూడు రోజులు మీ పిల్లల మధ్య కూర్చుని, వాళ్లు రాసిన కథలు చదివాక ఇది నా పనికి బయటి విషయం కాదని అర్థమైంది. ఇంట్లో ఎవరు పనికి పోతారు, ఎవరు ఎదురుచూస్తారు, ఊహించే హక్కు ఎవరికి ఉంది? ఈ ప్రశ్నలన్నీ ఆ కాగితాల్లోనే ఉన్నాయి.

ఒక కథ చెప్తాను. ఎనిమిదో తరగతి అమ్మాయి రాసింది. అందులో అమ్మ టోపీకి లైటు పెట్టుకుని రాత్రి షిఫ్టుకు బాయికి పోతుంది. నాన్న వంట చేసి, పిల్లల్ని పండబెట్టి, గడపలో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. బాయిలో అమ్మకు ఒక చెట్టు కనిపిస్తుంది. "నేను చీకట్ల పండి చాన ఏండ్లయింది. పైన ఎండ ఎట్లున్నదో చెప్పు" అంటుంది చెట్టు. అమ్మ చెప్తూ చెప్తూ అక్కడే ఉండిపోతుంది. షిఫ్టు అయిపోయినా పైకి రాదు. నాన్నకు భయమేస్తుంది. అక్కడికి కథ ఆపేసింది.

చదువుతుండగానే పిల్లలు నవ్వారు. "అమ్మ బాయికెట్ల పోతది?" అన్నాడొక అబ్బాయి. నేను చేసిన పని అంతకంటే గొప్పదేమీ కాదు. "నిజంగా ఇట్లా జరుగుతుందా?" అని అడిగాను. ఆ పిల్ల తల దించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెట్టు మాట్లాడితే మాలో ఎవరమూ అభ్యంతరం చెప్పలేదు. అమ్మ బాయిలోకి దిగితే మాత్రం అందరికీ అనుమానం వచ్చింది. స్త్రీవాదిని అని చెప్పుకునే నాకు కూడా!

ఈ అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? మన దేశపు బొగ్గు గనుల్లో ఒకప్పుడు స్త్రీలు భూగర్భంలో పని చేశారు. మగవాళ్లు తవ్విన బొగ్గును తట్టలకెత్తి మోశారు. 1929లో తెచ్చిన నిబంధనలతో వాళ్లను క్రమంగా తప్పించి, 1937 నాటికి భూగర్భం నుంచి పూర్తిగా బయటికి పంపారు. యుద్ధకాలంలో బొగ్గు అవసరం పెరగ్గానే 1943లో నిషేధం ఎత్తేశారు. 1946లో మళ్లీ పెట్టారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. రక్షణ పేరు చెప్పిన నిషేధం బొగ్గు కావాల్సి వచ్చినప్పుడు ఎట్లా ఎగిరిపోయిందో గమనించండి. చివరికి 2019లో కేంద్ర ప్రభుత్వం సడలింపు ఇచ్చింది. అదీ సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనులకు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు, స్త్రీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. అంటే మనం ప్రకృతి సహజమనుకున్నది కాగితం మీద రాసిన నియమం. దాన్ని తిరగరాయొచ్చునని ఆ అమ్మాయి తన నోటుబుక్కులో ముందే రాసుకుంది.

ఇక ప్రకృతి సంగతి. ప్రకృతి గురించి బొమ్మ వేయమంటే మన పిల్లలు ఏం వేస్తున్నారు? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక యేరు, ఒక గుడిసె. కిటికీలోంచి చూస్తే కనిపించేది ఓపెన్‌కాస్టు తవ్విపోసిన మట్టిగుట్ట. బ్లాస్టింగు జరిగితే అదిరే కిటికీ. అవి బొమ్మలోకి రావు. అందమైనదే ప్రకృతి అని మనమే నేర్పాం కాబట్టి. కాని ఆ అమ్మాయి ఊహించిన చెట్టు అబద్ధం కాదు. మీ కాళ్ల కింద ఉన్న బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడిన అడవి. అందులో ముఖ్యమైన చెట్టును శాస్త్రజ్ఞులు గ్లోసాప్టెరిస్ అంటారు. దాని ఆకులు నాలుక ఆకారంలో ఉంటాయి. నాలుకలున్న చెట్టు మాట్లాడటంలో వింతేముంది? ఆ రాతి పొరలకున్న గోండ్వానా అనే పేరు గోండుల నేల నుంచి వచ్చింది. ఆ పేరు వెనకున్న మనుషులు కూడా మన కథల్లోకి రాలేదు.

మీరు గనిని బాయి అంటారు. నీళ్ల బావీ బాయే. ఈ ఊరి పిల్లలకు ఆ మాటలో వినోదం ఒక్కటే లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. షిఫ్టు దాటినా మనిషి ఇంటికి రాకపోవటం అంటే ఏమిటో ఇక్కడి ఆడవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ భయాన్ని అమ్మమ్మలు, అమ్మలు మోశారు. ఆ అమ్మాయి దాన్ని తీసి నాన్న చేతుల్లో పెట్టింది. ఎదురుచూడటం కూడా ఒక శ్రమేనని నేను వ్యాసాల్లో రాశాను. తను ఒక్క గడపతో చెప్పింది.

కల్పన ఎవరి సొత్తు అన్నది మరో ప్రశ్న. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. 1947లో 'చందమామ' వచ్చింది. నేను చందమామ చదివి పెరిగినదాన్నే, ఆ రుణం కాదనను. కాని రాక్షసుణ్ణి చంపిన వీరుడికి అర్ధరాజ్యంతో పాటు రాకుమార్తెను ఇచ్చేసే కథలు ఎన్ని చదివామో లెక్కలేదు. ఆ అమ్మాయిని అడిగిందెవరు? ఆ రాజ్యంలో బొగ్గు తవ్వేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఎక్కడున్నారు? ఈ లోటు గుర్తించే హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో వేరే రకం పిల్లల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల లాంటి రచయిత్రులు రాసిన కథల్లో దళిత పిల్లలు, వాళ్ల ఇండ్లు, పనులు కథకు కేంద్రమయ్యాయి.

అచ్చుకాని కథకులు ఈ గదిలోనే ఉన్నారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే, చిన్న క్వార్టరులో పిల్లలు చప్పుడు చేయకుండా చూసేది ఎవరు? గుసగుసగా కథ చెప్పే తల్లి. ఆ నిద్ర కంపెనీకి అవసరం. ఆ కథ ఏ మస్టరులోనూ ఎక్కదు. మీలో ఒకామె నాతో "నాకేం కథలొస్తయ్ మేడమ్, పిలగాండ్లను ఊకోపెట్టెటందుకు ఏదో ఒకటి చెప్త" అన్నది. దాన్నే సృజన అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నా విన్నపాలు మూడు. పిల్లల కథలో అమ్మ చేసే పనిని దిద్దకండి, అక్షరదోషాలు దిద్దితే చాలు. నీతి చివర అతికించమని అడగకండి, స్త్రీవాద నీతి అయినా సరే. తల్లులు చెప్పే కథలు మీ బడిలో పిల్లల చేత రాయించి, కింద ఆ తల్లుల పేర్లు రాయండి.

మర్నాడు ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి ఈసారి సరైన ప్రశ్న అడిగాను. "అమ్మ పైకి వచ్చిందా?" అన్నాను. నా వైపు కాసేపు అనుమానంగా చూసింది. "వస్తది మేడమ్. చెట్టుకు ఇంకా వాన గురించి చెప్పలే" అంది.

ఆ వాన గురించి రాసేదాకా ఆమె నోటుబుక్కు ఆమె చేతుల్లోనే ఉండాలి. పెండ్లి పేరు చెప్పి గాని, ఇంటిపని పేరు చెప్పి గాని ఎవరూ దాన్ని లాక్కోకుండా చూసే బాధ్యత మనందరిదీ.