చదువు - వ్రాత - పొందిక

చదివేవారు చాలామందే ఉన్నారు. చదివినదానిని ఆరు నెలల తరువాత వివరించగలవారు మాత్రం అరుదు. ఇది జ్ఞాపకశక్తి లోపమని సరిపెట్టుకొంటాము. నిజానికి చదివిన సంగతికి మరొక సంగతి తోడు దొరకకపోవడమే కారణం.

ఒక ఉదాహరణ చెబుతాను. మందస వారికి వాయవ్య దిక్కున మహేంద్రగిరి చిరపరిచితమే. రఘువంశం నాలుగవ సర్గలో, రఘువు మహేంద్రనాథుణ్ణి జయించి, సంపదను మాత్రమే గ్రహించి, రాజ్యాన్ని విడిచిపెడతాడు. ఆ సంగతి ఒక కాగితంపై వ్రాసుకొన్నారనుకోండి. కొన్నాళ్లకు, కళింగ గాంగరాజులు మహేంద్రగిరిపై గోకర్ణస్వామిని కులదైవంగా కొలిచారని వారి శాసనాలవల్ల తెలుస్తుంది. అప్పుడు పాత కాగితంపై దీనిని, దీనిపై దానిని గుర్తించుకోవాలి. వెంటనే ప్రశ్న పుడుతుంది: కళింగాన్ని ఏలదలచినవారికి ఈ కొండ అంత ముఖ్యమెందుకయింది? ఈ ప్రశ్న రెండు పుస్తకాలలోను లేదు. రెండింటి కలయికలో పుట్టింది.

ఈ సాధనకు నిదర్శనం మన సీమలోనే ఉన్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ముఖలింగం శాసనాలను చదవడం స్వయంకృషితో నేర్చారు. సవరల నోట విన్న మాటలను ఏళ్లతరబడి వ్రాసుకొన్నారు. 1938లో వెలువడిన సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆ కృషి ఫలమే.

వాడుక రూపాలను పండితులు తప్పులన్నప్పుడు, ఆయన కేవలం వాదించి ఊరుకోలేదు. అట్టి రూపాలు పూర్వ గ్రంథాలలో ఎక్కడెక్కడ ఉన్నవో ఏర్చి కూర్చి చూపారు. ‘బాలకవి శరణ్యం’, ‘గద్య చింతామణి’ అట్టి కూర్పులే. ఒక్కచోట కనబడిన ప్రయోగాన్ని పొరపాటని త్రోసివేయవచ్చు. పలువురి రచనలలో కనబడితే దానికి సమాధానం చెప్పవలసిందే. పిల్లలు ఏ తెలుగులో చదువుకోవాలనే వివాదంలో ఆ సేకరణ సాక్ష్యమై నిలిచింది.

ఇందుకు పాండిత్యం అక్కరలేదు. కాగితానికి ఒక్క సంగతే వ్రాయండి. గ్రంథం పేరు, పుట సంఖ్య మరవకండి. రచయిత మాటను, మీ ఆలోచనను వేరువేరుగా ఉంచండి. లేకుంటే కొన్నేళ్లకు ఏది ఎవరిదో మీకే తెలియదు. ఏ కాగితాన్నయినా దాచేముందు, ఇది దేనితో పొసగుతుంది, దేనితో విభేదిస్తుంది అని ఒక్కసారి పాతవి తిరగవేయండి. పొసగినవి మన విశ్వాసాన్ని బలపరుస్తాయి. విభేదించినవి మనచేత మరొక పుస్తకం తెరిపిస్తాయి.