బడి ఖాళీయైనదా, ఊరు ఖాళీయైనదా?

(హొళగుందలో తల్లిదండ్రుల యెదుట చేసిన ఉపన్యాస పాఠము)



పిల్లలు తగ్గిన ప్రాథమిక పాఠశాలలను ఏమి చేయవలయునను ప్రశ్న నేడు మన రాష్ట్రమున ప్రతి మండలమునందును వినవచ్చుచున్నది. కొందఱు వానిని మూసి ప్రక్క యూరి బడిలో కలిపివేయుడనుచున్నారు. కొందఱు ఒక్క బడినైనను కదల్పరాదనుచున్నారు. మేము వృత్తిచే న్యాయవాదులమే యైనను, ఈ విషయమున ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొని రాలేదు. తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యమును విచారింపుడని మాత్రమే కోరవచ్చితిమి.

బడిలో చోటు మిగులుట అంతయు నొక్కటి కాదు. ఖాళీ బల్లకు మూడు కారణములుండును. బిడ్డ పుట్టకపోవుట మొదటిది. పుట్టిన బిడ్డ మఱియొక బడికి పోవుట రెండవది. పుట్టిన బిడ్డ ఏ బడికిని పోకుండుట మూడవది. లెక్కల పుస్తకములో ఈ మూడును ఒకే తీరున కనబడును. కాని మూడు వ్యాధులకు ఒకే మందు పనికిరాదు.

మొదటి కారణము నిజమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి మన రాష్ట్రమున నొక స్త్రీకి కలుగు బిడ్డల సగటు 1.7 మాత్రమే. తల్లిదండ్రులిద్దఱి స్థానమున ఇద్దఱు బిడ్డలైనను నిలుచుట లేదు. ఆడుపిల్లలు చదువుకొని, తల్లుల ఆరోగ్యము బాగుపడి, పుట్టిన బిడ్డలు బ్రతికి బట్టకట్టుచుండుటయే దీనికి ముఖ్యకారణము గనుక, ఇందులకు దుఃఖింప బనిలేదు. జపానులో ఇట్లే పిల్లలు తగ్గగా, 2002 మొదలు 2020 వఱకు ఎనిమిది వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలు మూతపడినవి. మనకును కొన్నిచోట్ల ఆ దినము రాక తప్పదు.

రెండవ కారణమును మీరు ప్రతి యుదయమును కన్నులార చూచుచున్నారు. పసుపుపచ్చ బస్సు వచ్చి, ఊరి బడి ముందుగానే పోయి, స్తోమతు గలవారి బిడ్డలను పట్టణమునకు గొనిపోవుచున్నది. ఆ తల్లిదండ్రులను నిందింపము. బడిలో ఉపాధ్యాయుడు లేనప్పుడు వారేమి చేయుదురు? 2025లో 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన వెలువడగా, అందు ఉమ్మడి కర్నూలు జిల్లాకు వచ్చినవే అన్నిటికంటె నెక్కువ. అనగా ఇచ్చట ఎన్ని కుర్చీలు ఎన్నాళ్లుగా ఖాళీగా నుండెనో యోచింపుడు. ముందు ఉపాధ్యాయుని కుర్చీ ఖాళీయైనది. పిదప పిల్లవాని బల్ల ఖాళీయైనది.

మూడవ కారణము మన పడమటి సీమకు ప్రత్యేకమైనది. దసరా వెళ్లి, దేవరగట్టు జాతర ముగియగానే, హొళగుంద, కౌతాళము, కోసిగి, ఆలూరు ప్రాంతముల పల్లెలలో మూటలు కట్టుట మొదలగును. సుగ్గికని కొందఱు గుంటూరు మిరపచేలకు, ఇండ్ల కట్టడపు పనికని కొందఱు బెంగుళూరునకు పోవుదురు. తల్లి వెంట బిడ్డయు పోవును. చంటిదానిని చూచుకొనుటకు ఎనిమిదేండ్ల యక్కయు పోవును. ఊరిలో నిలిచినవారిలో కొందఱు పత్తి విత్తనపు చేలలో పూలు దాటించు కూలికి పోవుదురు. హాజరుపట్టీలో పేరుండును, బల్లమీద పిల్ల యుండదు. కొన్నాళ్లకు పేరును కొట్టివేయబడును. అప్పుడు పై యధికారి వచ్చి, ఈ బడిలో చోటు మిగిలినదని వ్రాసికొని పోవును. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతము. ఆనాటి ఉమ్మడి రాష్ట్రమునకు సుమారు 67. చదువు రానివారు ఇంతమంది యున్న సీమలో చదువు చెప్పుచోటు మిగిలినదనుట, దాహము తీరని యూరిలో బిందెలు మిగిలినవనుట వంటిది.

ఈ కథ క్రొత్తదియు గాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలలను విచారింపుడని ఉత్తరువు చేసెను. ఆదోని ప్రాంతమప్పుడు బళ్లారి జిల్లాలోనిది; 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు గాని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు దానినుండి విడివడలేదు. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదికలో జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షల పైచిలుకు, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు, పెద్ద బడులున్నచోట ధనికుల పిల్లలు కొందఱు మాత్రమే మిగిలిరనియు ఆ దొరయే వ్రాసెను. దానికి కారణము ప్రజల దారిద్ర్యమనియు, ఇంగ్లాండు వస్త్రములు వచ్చి ఇచ్చటి చేతిపనివారి జీవనము చెడినదనియు ఒప్పుకొనెను. చదువుమీద కోరిక నశించి బడి ఖాళీ కాలేదు. కడుపు ఖాళీయై బడి ఖాళీయైనది. రెండు వందల యేండ్ల తరువాత మనమును ఆ ప్రశ్ననే అడుగవలసియున్నది.

చిన్న బడులను కూర్చి పెద్దవి చేయవలెనను వాదమును ప్రాతదే. విస్తరణముకంటె స్థిరీకరణము మేలని 1929లో హార్టాగ్ సంఘము చెప్పెను. మన రాష్ట్రమున 2022 జూనులో వెలువడిన 117వ ఉత్తరువుచే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను సమీపపు ఉన్నత పాఠశాలలకు తరలింపబూనిరి. తల్లిదండ్రులు పలుచోట్ల వీథికెక్కిరి. 2025లో ఆ యుత్తరువు రద్దై, తరగతికొక ఉపాధ్యాయుడుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలల పద్ధతి వచ్చినది. మూడేండ్లలో పసిబిడ్డలు రెండు మార్లు బడి మాఱవలసిన యూళ్లును గలవు.

అయినను ఎదుటిపక్షపు వాదములోని న్యాయమును దాచరాదు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులను ముందిడుకొని కూర్చున్నచోట, ఒక తరగతికి పాఠము జరుగుచుండగా నాలుగు తరగతులు గోడలు చూచుచుండును. ఆయన జ్వరపడిన నాడు బడియే జ్వరపడును. అట్టి బడిని అట్లే నిలుపుడని పట్టుపట్టుట బిడ్డలకు చేయు మేలు గాదు. తరగతికొక గురువు నిజముగా దొరకుచో ఆ బడి మేలే. కాని ఎనిమిదేండ్ల పిల్ల అచ్చటికి చేరగలదా? కాలువ గట్టును, లారీలు పాఱు రోడ్డును దాటి ఒంటరిగా పోగలదా? మగపిల్లవాడు పోయినను ఆడుపిల్ల పోనిత్తురా? బడి దూరమైనకొలది మొదట ఇంట నిలిచిపోవునది ఆడుపిల్లయే గదా!

చట్టమేమి చెప్పుచున్నదో వినుడు. విద్య పౌరుని హక్కని సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెప్పినది మన రాష్ట్రము నుండి పోయిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యముననే. 2002లో ఆ హక్కు 21ఏ అధికరణముగా రాజ్యాంగమున కెక్కినది. 2009 విద్యాహక్కు చట్టము ఇరుగుపొరుగున బడి యుండవలెననియు, అఱువదిమంది పిల్లల వఱకు ఇద్దఱు ఉపాధ్యాయులుండవలెననియు విధించినది. మన రాష్ట్ర నియమములలో ప్రాథమిక పాఠశాలకు దూరము ఒక కిలోమీటరు. బడి లేని చిన్న పల్లెల బిడ్డలకు ఉచిత రవాణా గాని వసతి గాని కల్పింపవలెనని కేంద్ర నియమములు చెప్పుచున్నవి. ఇది దయాధర్మము గాదు, హక్కు.

ఇక మన సరిహద్దు సీమకు మఱియొక విశేషము గలదు. కాంబెల్ లెక్కలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. నేటికిని ఈ ప్రాంతమున కన్నడము మాటలాడు ఇండ్లును, కన్నడ మాధ్యమపు బడులును గలవు. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని 350ఏ అధికరణము. కాబట్టి పిల్లలు కొద్దిమందియని కన్నడ బడిని తెలుగు బడిలో కలిపిన, అది రెండు బడుల కలయిక గాదు. ఒక భాషను వాకిటనే నిలిపివేయుట యగును.

కావున మా సూచనలు ఇవి. పిల్లలను హాజరుపట్టీలో గాక ఇంటింట లెక్కింపుడు. బడులు తెఱచిన పిదప నొకమాఱు, దసరా వెళ్లిన పిదప నొకమాఱు. మిగిలిన గదులలో, సుగ్గికి పోవువారి బిడ్డలకు ఊరిలోనే వలసకాలపు వసతిగృహములు నడుపుడు. ఇట్టివి సమగ్ర శిక్ష క్రింద నడుచుచునే యున్నవి. అవి తల్లిదండ్రులు బయలుదేరుటకు ముందే తెఱవవలెను గాని తరువాత గాదు. తప్పక కలుపవలసినచోట, బండియు తోడును ఏర్పడి, చివరి పిల్ల క్రొత్త బడిలో కుదురుకొనువఱకు ప్రాత బడికి తాళము వేయకుడు. మూతపడిన బడి కట్టడమును ఊరి యాస్తిగా నుంచి, అంగన్వాడీగానో, గ్రంథాలయముగానో, రాత్రిబడిగానో వాడుడు. గోడలు నిలిచియున్న, రేపు పిల్లలు పెరిగినపుడు మరల పలకలు తెచ్చుకొనవచ్చును.

తల్లులారా! పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతికమంది తల్లిదండ్రులును, మొత్తములో సగము మంది స్త్రీలును ఉండవలెనని చట్టము. ఆ సంఘము మీదే. చూడకుండ వ్రేలిముద్ర వేయకుడు. మీ బడిని కలుపు ప్రతిపాదన వచ్చిన నాడు, ఖాళీ బల్ల యొక్కొక్కదాని పేరు చదివించి, ఆ బిడ్డ నేడెక్కడ నున్నదో చెప్పుడని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిదప బడి నుంచుటయో, కలుపుటయో నిశ్చయింపవచ్చును. దొరకువఱకు మన యూరి బడిలో మిగులు చోటు లేదు. రావలసిన పిల్లలు మాత్రమే మిగిలియున్నారు.