నీటి యడుగున విద్య



1943లో కూస్టో, గాన్యాన్ అను ఫ్రెంచివారిరువురు నీటి యడుగున శ్వాసించుటకు తగిన సాధనమును నిర్మించిరి. ఆ సాధనమును వాడు విద్యను నేర్పుటకు పిమ్మట పెక్కు సంస్థలు వెలసెను. 1953లో లండనున బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్బు, 1966లో అమెరికాలో పాడీ అను సంస్థ స్థాపితములయ్యెను.

వీని పద్ధతులు వేరు. బ్రిటిష్ క్లబ్బున అనుభవజ్ఞులైన సభ్యులు జీతము గొనక క్రొత్తవారికి నేర్పుదురు. ఇది మన గురుకులమును బోలినది. పాడీవారి శిక్షకులు రుసుము గైకొని, విద్యను చిన్న ఘట్టములుగా విభజించి, కొలది దినములలోనే బోధింతురు. అచట ప్రథమ పత్రమును గోరువాడు 200 మీటర్లు ఈదవలయును, 10 నిమిషములు నీటిపై తేలియుండవలయును, కొలను వెలుపలి నీటిలో 4 పర్యాయములు మునుగవలయును. ఆ పత్రము పొందినవానికి పాడీ 18 మీటర్ల లోతును, బ్రిటిష్ క్లబ్బు తన ప్రథమ తరగతివానికి 20 మీటర్లను హద్దుగా విధించినవి.

పద్ధతులు వేరైనను ప్రధానసూత్రమొక్కటియే: పైకి వచ్చునపుడు ఊపిరి బిగబట్టరాదు. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి ఉపరితలమునకు వచ్చుసరికి రెండింతలగును. దానిని లోపలనే నిలిపినచో ఊపిరితిత్తులు చినిగి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఈ సూత్రము చదివినంత మాత్రమున అలవడదు. భయము పుట్టినపుడు ఊపిరి బిగబట్టుట మానవస్వభావము. దానిని మాన్పునది అభ్యాసమే. కావున ఈ విద్యను గోరువారు సంస్థ పేరునకంటె ముందుగా ఒక్కొక్క శిక్షకునికి శిష్యులెందరో, తప్పిన పాఠమును అతడు మరల చేయించునో లేదో విచారింపవలయును. పత్రము పడవ యెక్కించును. క్షేమముగా పైకి దెచ్చునది మాత్రము అభ్యాసమే.